అమ్మకు బాగాలేదని ఒక టెలిగ్రామ్: నౌకాదళంలో చెవులు రిక్కించినవారి చరిత్ర ఎక్కడ?

2025 మే 1న సూరత్ పక్కనున్న హజీరా రేవుకు ఒక యుద్ధనౌక వచ్చింది. దాని పేరూ సూరతే. అప్పటికి పహల్గాం దాడి జరిగి పది రోజులు కూడా కాలేదు. అంతకు వారం ముందు, ఏప్రిల్ 24న, నీటిని రాసుకుంటూ దూసుకొచ్చే లక్ష్యాన్ని ఇదే ఐఎన్ఎస్ సూరత్ క్షిపణితో కూల్చిందని నౌకాదళం ప్రకటించింది. ఇక చెప్పేదేముంది, టీవీలన్నీ క్షిపణుల లెక్కల్లో మునిగిపోయాయి.

సూరత్ అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది లింబాయత్ పవర్‌లూమ్‌లు, తెలంగాణ నుంచి తరతరాలుగా అక్కడికి వలసపోయిన పద్మశాలీలు. ఈ ఓడతోనూ మనకొక చుట్టరికం ఉంది. నౌకాదళం లెక్కలో ఇది ‘విశాఖపట్నం’ తరగతి డిస్ట్రాయర్. విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్ తర్వాత నాలుగోది, ఆ వరుసలో ఆఖరిది. 2025 జనవరి 15న ముంబైలో దీన్ని దళంలో చేర్చారు. అది వచ్చి ఆగిన హజీరాకు దగ్గర్లోనే సువాలీ తీరం ఉంది. ఈస్టిండియా కంపెనీ పోరాట నౌకలు 1612 సెప్టెంబరు 5న అక్కడికి చేరాయి. భారత నౌకాదళం తన వంశవృక్షాన్ని మొదలుపెట్టుకునేది ఆ తేదీ నుంచే. పరాయివాడి కంపెనీతో మొదలైన వంశం కాబట్టి దాన్ని గర్వంగా చెప్పుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ.

ఓడ మీద క్షిపణి గొట్టాలు, ఫిరంగి, హెలికాప్టర్ దిగే చోటు కనిపిస్తాయి. బయటికి కనిపించని గది ఒకటుంటుంది. వైర్‌లెస్ వాళ్లు, సైఫర్ వాళ్లు కూర్చునేది అందులో. తమ మాట శత్రువుకు అర్థం కాకుండా చేయడం, శత్రువు మాటను వినడం, వీలైతే విప్పడం వాళ్ల పని. ఏ నౌకాదళంలోనైనా యుద్ధం ముందుగా తెలిసేది ఆ గదికే. ఆ గదిలో పనిచేసినవారి గురించి తెలుగులో ఎంత రాశాం? పోనీ, ఇంగ్లిషులోనైనా మన దేశంలో ఎంత రాశారు? గాజీ గురించి తెలుగునాట సినిమా చూడనివారు తక్కువ. గాజీ బంగాళాఖాతంలోకి వచ్చిందని మనకెలా తెలిసిందో చెప్పగలిగేవారు ఇంకా తక్కువ.

విశాఖలో ఆడిన అబద్ధం

1971 నవంబరు 14న పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ కరాచీ నుంచి చప్పుడు లేకుండా బయల్దేరింది. అమెరికా నుంచి తెచ్చుకున్న ఓడ అది, పాత పేరు డియాబ్లో. లక్ష్యం మన ఏకైక విమాన వాహక నౌక విక్రాంత్. అప్పటికి విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. జలాంతర్గామి కంట పడితే తప్పించుకుంటుందన్న నమ్మకం లేదు.

తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్‌కు గాజీ రాక గురించి ఉప్పందించింది వైర్‌లెస్. చిట్టగాంగ్ నౌకాదళ అధికారులకు పాకిస్తాన్ పంపిన ఒక సందేశం మనవాళ్ల చేతికి చిక్కింది. అందులో బాంబుల మాటేమీ లేదు, ఒక రకం కందెన నూనె గురించిన వాకబు అంతే. ఆ నూనె వాడేది జలాంతర్గాములు, మైన్‌స్వీపర్లు మాత్రమే. తూర్పు పాకిస్తాన్‌లో మైన్‌స్వీపర్లు లేవు. అంటే జలాంతర్గామి ఏదో ఇటు వస్తోంది. అంత దూరం వచ్చే స్తోమత ఉన్నది గాజీ ఒక్కదానికే. అధికారిక నౌకాదళ చరిత్రలోనూ ఈ కథనం చోటు చేసుకుంది.

సంకేతాలు విప్పేవారి పని ఎలా ఉంటుందో ఈ ఒక్క ముక్కలో అర్థమవుతుంది. సినిమాల్లో చూపించినట్టు తెర మీద రహస్యం గబగబా అక్షరాలుగా రాలిపడదు. ఒక స్టోర్‌కీపర్ అడిగిన నూనె డబ్బా లాంటి చిన్న విషయం, రోజూ వచ్చే వందల సందేశాల్లో ఒకటి. దాన్ని చూసి ‘ఇది ఇక్కడెందుకుంది?’ అని ఒకరికి అనుమానం రావాలి. ఆ అనుమానం వచ్చిన మనిషి పేరు మనకు తెలియదు.

అక్కడి నుంచి కృష్ణన్ చేసింది వినడానికి కాస్త నాటకంలా ఉంటుంది. విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లోని ఒక అజ్ఞాత రేవుకు పంపేశారు. కాలం చెల్లబోతున్న రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను విశాఖ నుంచి 160 మైళ్ల దూరం సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ పంపినట్టుగా వైర్‌లెస్ సందేశాలు గుప్పించమన్నారు. విశాఖ బజారులో కాంట్రాక్టర్లకు బియ్యం, మాంసం, కూరగాయలు భారీగా పురమాయించారు. అంత సరుకు ఎవరికోసమో ఊరంతా చెప్పుకోవాలి, ఆ మాట ఎవరి చెవిన పడాలో వారి చెవిన పడాలి. విక్రాంత్ వస్తోందని మద్రాసు నౌకాదళ అధికారికీ కబురు పెట్టారు.

వీటన్నిటిలోకీ నాకు మరపురానిది ఒక టెలిగ్రామ్. విక్రాంత్ నావికుడొకడు పంపినట్టుగా, ఎలాంటి కోడూ లేకుండా, బాహాటంగా ఒక ప్రైవేటు సందేశం వెళ్లింది. తల్లికి ఒంట్లో చాలా బాగాలేదట, ఎలా ఉందో తెలియజేయమని. యుద్ధకాలంలో ఓడ మీదున్నవాడు అలా పంపడం పెద్ద నేరం. అందుకే వినేవాడు నమ్ముతాడు. కొడుకు తల్లి కోసం నిబంధన మీరాడంటే ఏ దేశపు చెవికైనా నిజంగానే వినిపిస్తుంది. లేని నావికుడి, లేని అమ్మ రోగం ఒక విమాన వాహక నౌకకు గొడుగు పట్టింది. ఈ సంగతులన్నీ కృష్ణన్ తర్వాత తన పుస్తకంలో చెప్పారు కాబట్టి మనకు తెలిశాయి.

డిసెంబరు 3 అర్ధరాత్రికి అటూ ఇటూగా విశాఖ రేవు ముందు సముద్రంలో పెద్ద పేలుడు. ఇళ్ల కిటికీలు అదిరాయి. గాజీతో పాటు 90 మందికి పైగా పాకిస్తాన్ నావికులు అడుగుకు చేరారు. తేలివచ్చిన శకలాలు మొదట చూసింది మన మత్స్యకారులే. సముద్రం మీద ఏం జరిగినా ముందు తెలిసేది వాళ్లకే కదా. రాజ్‌పుత్ రేవు దాటుతూ వేసిన డెప్త్ ఛార్జీలు గాజీని ముంచాయన్నది మన కథనం. తాను పరుస్తున్న మైన్లే పేలాయన్నది పాకిస్తాన్ కథనం.

ఎవరి జ్ఞాపకం నిజం?

ఇక్కడ చిక్కొకటి ఉంది. అప్పుడు తూర్పు సైనిక కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జె.ఎఫ్.ఆర్. జాకబ్ తరువాత చెప్పుకొచ్చిన జ్ఞాపకం వేరుగా ఉంది. శకలాలు దొరికాయని కృష్ణన్ తనకు డిసెంబరు 3 ఉదయమే ఫోన్ చేశారని, మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, ఆ మాట ఢిల్లీకి చెప్పలేదు కదా అని అడిగి, ఇక ఎక్కడా ప్రస్తావించవద్దన్నారని ఆయన వాదన. అదే నిజమైతే రాజ్‌పుత్ కథకు నిలబడే చోటే ఉండదు. కృష్ణన్ కథనం నిజమైతే జాకబ్ ఒక రోజు పొరబడ్డారు. ఇద్దరూ పెద్ద అధికారులు, ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఇలాంటి చోట తేల్చాల్సింది కాగితాలు. సిగ్నల్ లాగ్‌లో గంట, నిమిషం ఉంటాయి. ఎవరు పంపారు, ఎవరు అందుకున్నారు, ఎవరు విప్పారు అన్నీ ఉంటాయి. కానీ 2010 మేలో ఒక జాతీయ దినపత్రిక బయటపెట్టిన కథనం ప్రకారం గాజీ మునకకు సంబంధించిన పత్రాలను నౌకాదళం ఎప్పుడో 1980 ప్రాంతంలోనే ధ్వంసం చేసింది. నౌకాదళ చరిత్ర రాయడానికి కూర్చున్నవారే ఆ ఫైళ్లు అడిగి, లేవన్న జవాబు అందుకున్నారు. తూర్పు సైనిక కమాండ్‌లోని 1971 కాగితాలదీ అదే గతి అని అదే రోజుల్లో వార్తలొచ్చాయి.

మన అతిపెద్ద గెలుపుల్లో ఒకదానికి మన దగ్గరే రుజువు లేదు. ఆ ఖాళీలోకి ఏది వచ్చి కూర్చుంటుంది? సినిమా. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’లో ఎస్21 అనే మన జలాంతర్గామి గాజీని ముంచుతుంది. మంచి సినిమానే, జాతీయ అవార్డు కూడా వచ్చింది. దర్శకుడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అధికారికంగా చెప్పేవాడు లేనప్పుడు కథ చెప్పేవాడిదే రాజ్యం. కానీ ఇప్పుడు విశాఖలో పిల్లలను అడిగి చూడండి, గాజీని ముంచింది రానా అంటారు. నూనె డబ్బా సందేశాన్ని పట్టుకున్న మనిషికి అక్కడ పాత్రే లేదు.

విశాఖ బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియంలోకి వెళ్లినప్పుడల్లా నేను గమనించేదొకటుంది. టార్పెడో గొట్టాల దగ్గర జనం ఆగుతారు, ఫొటోలు దిగుతారు. వైర్‌లెస్ అర దగ్గరకొచ్చేసరికి వెనకవాళ్లు తోస్తుంటారు, ముందువాళ్లు నడిచిపోతుంటారు. ఆ ఇరుకులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వారాల తరబడి కూర్చున్నవాడి జీవితం ఎలా ఉండేదో ఊహించడానికి ఎవరికీ తీరికుండదు. ఊహించమని చెప్పేవారూ ఉండరు.

ఖంభాత్ అఖాతానికి అవతల

హజీరా నుంచి అఖాతం మీదుగా ఘోఘాకు ఫెర్రీ నడుస్తోంది. అక్కడ దిగి సౌరాష్ట్ర తీరం వెంట దక్షిణానికి పోతే దీవ్ వస్తుంది. అక్కడొక స్మారకం ఉంది. ఐఎన్ఎస్ ఖుక్రీది.

విశాఖ కథ గెలుపు. దీవ్ కథ ఓటమి. రెండింటికీ మూలం వైర్‌లెస్సే. 1971 డిసెంబరు మొదట్లో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన పశ్చిమ తీరంలో తిరుగుతోంది. దాని సందేశాలు గాలిలోకి వెళ్లాయి. మన తీర కేంద్రాలు ఆ సంకేతాల దిక్కు పట్టుకున్నాయి. రెండు మూడు చోట్ల నుంచి దిక్కులు గీసి, గీతలు కలిసే చోటు చూస్తే దీవ్‌కు నైరుతిగా సుమారు 35 మైళ్లు. వేటకు ఖుక్రీ, కిర్పాన్ అనే ఫ్రిగేట్లు వెళ్లాయి. మూడోదైన కుఠార్ బాయిలర్ ప్రమాదంతో అప్పటికే పక్కకు తప్పుకుంది.

విన్నవారు తమ పని సరిగ్గానే చేశారు. జలాంతర్గామి వాళ్లు చెప్పిన చోటే ఉంది. కానీ మన ఫ్రిగేట్ల సోనార్ కన్నా హంగోర్ సోనార్ ఎక్కువ దూరం వినగలదు. డిసెంబరు 9 రాత్రి ఖుక్రీకి టార్పెడో తగిలింది. కొన్ని నిమిషాల్లో 18 మంది అధికారులు, 176 మంది నావికులు సముద్రం పాలయ్యారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దాంతోపాటే మునిగిపోయారు. హంగోర్ కమాండర్ అహ్మద్ తస్నీమ్ ఆ తర్వాత దశాబ్దాల పాటు తన కథనాన్ని సభల్లో, పత్రికల్లో వివరంగా చెప్పుకున్నారు. మనవైపు నుంచి ఆ దిక్కులు గీసిన గదిలో ఆ రాత్రి ఏం జరిగింది? తాము చూపించిన చోటికే వెళ్లి తమవాళ్లు 194 మంది చనిపోయారని తెలిసినప్పుడు ఆ మనుషులకు ఏమనిపించి ఉంటుంది? ఆ ప్రశ్న అడిగినవారే లేరు.

ఆ పేరుతోనే తర్వాత వచ్చిన రెండో ఖుక్రీ 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరు 23న విశాఖలో సెలవు తీసుకుంది. దాన్ని 2022 జనవరిలో దీవ్‌కే ఇచ్చారు. విశాఖ నుంచి దీవ్‌కు ఒక ఓడ వెళ్లింది గానీ ఒక్క సిగ్నల్ లాగ్ కూడా బయటికి రాలేదు.

అదే యుద్ధంలో డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద దాడికి వెళ్లిన క్షిపణి పడవల వాళ్లు వైర్‌లెస్‌లో రష్యన్ భాషలో మాట్లాడుకున్నారు. శిక్షణ సోవియట్ యూనియన్‌లో పొందినవారు కనుక అది సాధ్యమైంది. వినేవాడు వింటూనే ఉంటాడు, కానీ అర్థం చేసుకోవడానికి సమయం పడుతుంది. కొన్ని గంటల దాడికి అంతకన్నా చవకైన కోడ్ ఉండదు.

వింటున్నవారే తిరగబడ్డ రోజు

మన నౌకాదళ సిగ్నల్ శాఖ నుంచి గట్టిగా వినిపించిన వ్యక్తిగత జ్ఞాపకం ఒకటుంది. అది యుద్ధానిది కాదు, తిరుగుబాటుది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో రాయల్ ఇండియన్ నేవీ సమ్మె మొదలైంది హెచ్ఎంఐఎస్ తల్వార్‌లో. అది ఓడ కాదు, సిగ్నల్ శిక్షణ కేంద్రం. చదువుకున్న కుర్రాళ్లు, టెలిగ్రాఫిస్టులు, సిగ్నల్‌మెన్. సమ్మె కమిటీకి అధ్యక్షుడు సిగ్నల్‌మన్ ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు టెలిగ్రాఫిస్టు మదన్ సింగ్. అంతకు ముందే గోడల మీద ‘క్విట్ ఇండియా’, ‘జై హింద్’ రాసి పట్టుబడిన బలాయ్ చంద్ర దత్ కూడా టెలిగ్రాఫిస్టే.

ఇది యాదృచ్ఛికం కాదనే నా అభిప్రాయం. ఓడ వంటవాడికి తన ఓడ సంగతే తెలుస్తుంది. టెలిగ్రాఫిస్టుకు దళం మొత్తం సంగతి తెలుస్తుంది. ఎక్కడ ఏ ఓడలో తిండి పురుగులు పట్టిందో, తెల్ల అధికారి ఎవరిని ఏ బూతు తిట్టాడో, ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ల విచారణ ఎక్కడికొచ్చిందో అతడి చెవుల మీదుగానే వెళ్తుంది. పైగా కబురు పంపే మీట అతడి వేలి కిందే ఉంటుంది. సమ్మె మొదలైన గంటల్లోనే వైర్‌లెస్ మీద మిగతా ఓడలకు పాకింది. 78 ఓడలు, 20 తీర కేంద్రాలు, సుమారు 20,000 మంది. విశాఖ కూడా అందులో ఉంది. ఐదు రోజుల్లో అంతా ముగిసింది. ఉద్యోగాలు పోయినవారిని స్వతంత్ర భారత నౌకాదళం కూడా తిరిగి తీసుకోలేదు.

దత్ ఆ తర్వాత పాతికేళ్లకు, 1971లో, తన కథను పుస్తకంగా రాశారు. మరింకొన్నేళ్లకు నౌకాదళం దత్, మదన్ సింగ్ పేర్లను రెండు టగ్ పడవలకు పెట్టింది. దండన భయం తొలగినవాడు మాట్లాడాడు కాబట్టే 1946లో సిగ్నల్ గదిలో ఏం జరిగిందో మనకు తెలుసు. గెలిచిన 1971 గురించి మాత్రం ఆ గదిలోని వాళ్లు రాసింది లేదు. విధేయులుగా ఉన్నందుకు వాళ్లకు దక్కింది మౌనం.

నీళ్లు లేవన్న కబురు

ఇతర దేశాల్లోనూ మొదట్లో ఇంతే. 1942లో పసిఫిక్ మహాసముద్రంలో జపాన్ ఎక్కడ దాడి చేస్తుందో అమెరికాకు అంతుపట్టలేదు. జపాన్ సందేశాల్లో ‘ఏఎఫ్’ అన్న గుర్తు పదేపదే కనిపిస్తోంది. అది మిడ్‌వే దీవి అని హవాయిలో ఒక నేలమాళిగలో కూర్చున్న జోసెఫ్ రోష్‌ఫోర్ట్ బృందం నమ్మింది. వాషింగ్టన్ నమ్మలేదు. అప్పుడు మిడ్‌వే నుంచి కోడ్ లేకుండా ఒక కబురు పంపించారు, మంచినీటి యంత్రం చెడిపోయిందని. ‘ఏఎఫ్‌లో నీళ్ల కొరత’ అని త్వరలోనే జపాన్ సందేశం దొరికింది. విశాఖ టెలిగ్రామ్‌కు ఇది పెద్దక్క. శత్రువు వింటున్నాడని తెలిసినవాడు బాహాటంగా మాట్లాడే మాటే గొప్ప ఆయుధం.

మిడ్‌వేలో గెలిచాక రోష్‌ఫోర్ట్‌ను పక్కన పెట్టేశారు. పతకం ఇవ్వలేదు. ఆయన 1976లో చనిపోయారు. పతకం వచ్చింది 1986లో. అది కూడా కాగితాలు బయటపడి, ఆయన కింద పనిచేసినవారు పట్టువదలకుండా పోరాడితే. అదే దేశంలో 1928 నుంచి 1941 దాకా వాషింగ్టన్‌లోని నౌకాదళ కార్యాలయం పైకప్పు మీద ఒక గదిలో జపాన్ మోర్స్ నేర్చుకున్న 176 మందికి ‘పైకప్పు ముఠా’ అన్న పేరుంది. ఈరోజు ఎవరైనా వాళ్ల గురించి చదువుకోవచ్చు. అమెరికా ఈ రంగానికి 1993లో మ్యూజియమే తెరిచింది. బ్రిటన్‌లో బ్లెచ్లీ పార్క్ సంగతి 1974 దాకా గప్‌చుప్. అక్కడ పనిచేసినవారిలో మూడొంతులు మహిళలు. ఒకే చోట పనిచేసిన భార్యాభర్తలు కూడా ఒకరికొకరు చెప్పుకోలేదని అంటారు. తలుపు తెరుచుకున్నాక మాత్రం వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, చెప్పించుకుని భద్రపరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంకేతాలను వినడానికి బ్రిటిష్‌వాళ్లు ఢిల్లీ ఆనంద్ పర్బత్ గుట్ట మీద పెట్టిన వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ సంగతులు కూడా మనకు తెలిసింది ఎక్కువగా లండన్ కాగితాల నుంచే.

ఫోను, చెట్లు

ఇదంతా పాత ముచ్చట అనుకోనక్కర్లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. సోషల్ మీడియాలో పరిచయమైన ‘అమ్మాయిల’ వలలో పడి ఓడల కదలికలను పాకిస్తాన్‌కు చేరవేశారన్నది ఆరోపణ. కేసు ఎన్ఐఏ చేతికి వెళ్లింది. ఆ నెలాఖరులోనే నౌకాదళం ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. 1971లో కృష్ణన్ అబద్ధపు సరుకు పురమాయించి అబద్ధపు టెలిగ్రామ్ పంపి శత్రువుకు చేర్చాలనుకున్నది ఓడ ఎక్కడుందన్న ఒక్క మాట. 2019 నాటికి ఆ మాట జేబులోని ఫోనే చెప్పేస్తోంది. ఎంత గట్టి సైఫర్ యంత్రం పెట్టినా, దాని పక్కన ఒంటరితనంతో కూర్చున్న పాతికేళ్ల కుర్రాడికి అది కాపలా కాయలేదు.

ఇక దామగుండం. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిలో నౌకాదళం రాడార్ స్టేషన్ కడుతోందని అంతా అంటున్నాం. నిజానికి అది రాడార్ కాదు, అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో సందేశాలు పంపే రేడియో కేంద్రం. తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పక్కనే ఉన్నారు.

ఎందుకంత స్థలం? మామూలు రేడియో తరంగం ఉప్పునీటిలోకి దిగగానే చచ్చిపోతుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య తరంగం కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల లోతు దాకా పోగలదు. కానీ ఆ తరంగం పొడవే 10 నుంచి 100 కిలోమీటర్లు. దానికి తగ్గ యాంటెన్నా అంటే ఎత్తైన టవర్లు, వాటి మధ్య మైళ్ల కొద్దీ తీగలు, నేలలో పరిచిన రాగి వల. ఇది ఒకవైపు మాటే. తీరం చెబుతుంది, జలాంతర్గామి వింటుంది. తిరిగి మాట్లాడదు. మాట్లాడితే హంగోర్‌లా దొరుకుతుంది, నూనె కోసం కబురు వెళితే గాజీలా తెలిసిపోతుంది. అణు క్షిపణులు మోసే జలాంతర్గాములున్న దేశానికి అలాంటి కేంద్రం అవసరమన్నది నేను కాదనలేను.

అయితే ఆ అవసరాన్ని జనానికి ఇలా విడమరిచి చెప్పినవారెవరు? మూసీ పుట్టిన అనంతగిరి కొండల పక్క అడవి అది. చెట్లు పోతాయని, గుడికి దారి మూసుకుపోతుందని, నీళ్లు తగ్గుతాయని ఊళ్లు అడిగాయి. వచ్చిన జవాబు దేశభద్రత. ఆ రెండు పదాలు చెప్పాక ఇక చర్చ ఉండదన్న ధీమా వెనక పాత అలవాటుంది. ఖుక్రీ ఎందుకు మునిగిందో చెప్పని అలవాటు, గాజీ కాగితాలు తగలబెట్టిన అలవాటు. గతాన్ని దాచే సంస్థ వర్తమానం గురించి నమ్మమంటే జనం వెంటనే నమ్మరు.

రహస్యానికి వాదన లేకపోలేదు. పొరుగువాడి కోడ్ చదివామని ఒప్పుకుంటే వాడు జాగ్రత్తపడతాడు. విన్న పద్ధతి బయటపెడితే రేపు పనికిరాదు. నిన్నటి కోడ్ గురించి ఇది సరైన మాటే. కానీ 1971 నాటి యంత్రాలు ఇప్పుడు తుక్కు బజారులో కూడా దొరకవు. నూనె డబ్బా సంగతి పుస్తకాల్లో అచ్చయి దశాబ్దాలైంది. పెద్ద అధికారి తన జ్ఞాపకాల్లో రాస్తే అది చరిత్ర, కింది నావికుడు నోరు విప్పితే రహస్య చట్టం. ఈ తేడాకు భద్రతతో సంబంధం లేదు.

దారి అసలు లేకపోలేదు. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది. యుద్ధ డైరీలు, ఆపరేషన్ రికార్డులు హిస్టరీ డివిజన్‌కు చేరాలి, యుద్ధం ముగిసిన ఐదేళ్లలో చరిత్ర రాయాలి, మామూలుగా 25 ఏళ్లకు రహస్య ముద్ర తొలగించాలి. అందులో సంకేత నిఘా గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉండాలని అడగడం అత్యాశ కాదు. కాగితాలు కాలిపోయిన చోట మనుషులున్నారు. 1971లో ఇరవై ఏళ్ల టెలిగ్రాఫిస్టుకు ఇప్పుడు 74 దాటాయి. తూర్పు తీరంలో పనిచేసి విశాఖలోనే స్థిరపడ్డవారు ఉంటారు. మింది, గాజువాక, మల్కాపురం వీధుల్లో అలాంటి పెద్దాయన ఎవరైనా పొద్దున్నే పాలపాకెట్టుకు వెళ్తూ ఉండొచ్చు. చట్టపరంగా ఇబ్బంది లేదని ఒక్క ఉత్తర్వు ఇచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో నౌకాదళ చరిత్ర విభాగానికో రికార్డర్ ఇచ్చి పంపితే సరిపోతుంది. మొదటి ప్రశ్న కూడా కష్టమైనదేం కాదు. అమ్మకు బాగాలేదన్న ఆ టెలిగ్రామ్ రాసింది ఎవరు, మీట నొక్కింది ఎవరు?